పాత కారు డోర్ హ్యాండిల్ విరిగిందా? కొత్తది కొనే ముందు లాక్ సంగతి చూడండి

పాత మారుతి 800, ఆల్టో, జెన్, సాంట్రో లాంటి బండి నడిపేవాళ్లకి ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. బయటి హ్యాండిల్ లాగితే టక్కుమని విరిగి చేతిలోకి వస్తుంది, లేదంటే హ్యాండిల్ మామూలుగానే లేస్తుంది గానీ డోర్ తెరుచుకోదు. ఆ తర్వాత చాలామంది ఏం చేస్తారో తెలిసిందే, అద్దం కొంచెం దించి ఉంచుకుని చెయ్యి లోపలికి పెట్టి తెరుచుకోవడం, లేదా పక్క సీటు వైపు నుంచి ఎక్కి గేర్ రాడ్ దాటుకుంటూ డ్రైవర్ సీట్లోకి జరగడం, అలా నెలలు గడిపేస్తారు. దీనికి అంత అవస్థ అక్కర్లేదు. పార్టు ఖరీదు కొన్ని వందల రూపాయలు, పనిముట్లు ఇంట్లో ఉండేవే, ఒక ఆదివారం పొద్దున కూర్చుంటే అయిపోయే పని.

అయితే ఒకటి ముందే చెప్పాలి. హ్యాండిల్ విరిగితే హ్యాండిల్ మార్చడం సగం పని మాత్రమే. దాన్ని విరగ్గొట్టింది చాలాసార్లు లోపల ఎండిపోయిన లాక్. తలుపు అంచున ఇనుప నోరులాగా ఉంటుంది చూడండి, మెకానిక్‌లు లాక్ అనేది దాన్నే. అందులో గ్రీజు ఎండిపోయి, దుమ్ము చేరి, తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. వేలితో తెరుచుకోవాల్సిన డోర్‌కి నాలుగు వేళ్లూ పెట్టి లాగాల్సి వస్తుంది, ఆ బలమంతా హ్యాండిల్ వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ చెయ్యి మీద పడుతుంది. ఆ ప్లాస్టిక్ కూడా పాతదే కదా. హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 అనే పొగ కాలుష్య రూలు రావడంతో అక్కడ మారుతి 800 అమ్మకాలు ఆగిపోయాయి, అంటే ఆ నగరాల్లో షోరూమ్ నుంచి వచ్చిన అతి కొత్త 800 కూడా పదిహేనేళ్లు దాటినదే. అన్నేళ్లు మన ఎండలో, రెంటచింతల దాకా అక్కర్లేదు, మామూలు అపార్ట్‌మెంట్ బయట రోడ్డు మీద నిలబడ్డా, ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది. లాక్ బిగుతు, ప్లాస్టిక్ పెళుసు రెండూ కలిస్తే హ్యాండిల్ పోతుంది. లాక్‌ని అలాగే వదిలేసి కొత్త హ్యాండిల్ ఒక్కటే వేస్తే అది కూడా ఎక్కువ కాలం నిలవదు, అందులోనూ చవకరకం హ్యాండిల్ అయితే ఇంకా తొందరగా పోతుంది.

ఏది పోయిందో ముందు తేల్చుకోండి

డోర్ ప్యాడ్, అంటే డోర్ లోపలి వైపు ఉండే అట్ట కప్పు, విప్పకముందే బయటి నుంచి చాలా తెలుస్తుంది. హ్యాండిల్‌లో పైకి లేచే భాగం, అదే ఫ్లాప్, ఊడి చేతిలోకి వస్తే అది తిరిగే పిన్ను దగ్గర ప్లాస్టిక్ పగిలినట్టు, ఇందులో అనుమానం లేదు, హ్యాండిల్ మార్చాల్సిందే. హ్యాండిల్ లేస్తోంది గానీ ఏ బరువూ తగలకుండా ఖాళీగా లేస్తోందంటే, వెనక చెయ్యి విరిగి ఉండాలి లేదా హ్యాండిల్ నుంచి లాక్‌కి దిగే సన్న ఇనుప రాడ్ ఊడి ఉండాలి. రాడ్‌ని పట్టి ఉంచేది వేలిగోరంత ప్లాస్టిక్ క్లిప్పు, అది పగిలితే హ్యాండిల్ బాగానే ఉన్నా డోర్ తెరుచుకోదు. ఇలాంటప్పుడు షాపుకి పరిగెత్తి హ్యాండిల్ కొన్నవాళ్లు, విప్పి చూశాక క్లిప్పు ఒక్కటే పోయిందని తెలిసి తిట్టుకుంటారు. హ్యాండిల్ లేచి పైనే ఉండిపోతే స్ప్రింగ్ విరిగింది. లాగితే రాయిలా బిగుసుగా ఉండి, లోపలి హ్యాండిల్‌తో కూడా కష్టంగా తెరుచుకుంటోందంటే తప్పు లాక్‌దే.

ఇంకో చిన్న పరీక్ష. ఒకరు డోర్‌ని బయటి నుంచి అరచేత్తో లోపలికి గట్టిగా నొక్కుతూ ఉండగా ఇంకొకరు హ్యాండిల్ లాగి చూడండి. అలా నొక్కినప్పుడు తేలిగ్గా తెరుచుకుంటే డోర్ సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట, డోర్ కీలు అరిగి కిందకి వాలి ఉండాలి లేదా బాడీ మీద లాక్ పట్టుకునే ఇనుప కడ్డీ, అదే స్ట్రైకర్, పక్కకి జరిగి ఉండాలి. అది కూడా హ్యాండిల్ మీద బరువు వేసేదే.

వెనక డోర్ల విషయంలో మాత్రం అశ్రద్ధ చేయొద్దు. చైల్డ్ లాక్ వేసి ఉన్న డోర్ లోపలి నుంచి తెరుచుకోదు, దానికి బయటి హ్యాండిల్ కూడా పోయిందనుకోండి, ఇక ఆ డోర్ ఎటు నుంచీ తెరుచుకోదు. అందులో పిల్లలు కూర్చుని ఉంటారు. బయటి హ్యాండిల్ కొంచెం తేడాగా అనిపించిన రోజే డోర్ తెరిచి, అంచున ఉన్న చైల్డ్ లాక్ మీటని కిందో పైకో జరిపి తీసేయండి, రిపేరు తర్వాత చూసుకోవచ్చు.

అతికించడం గురించి కూడా అడుగుతారు. ఫెవిక్విక్, ఎం-సీల్, ఆరాల్డైట్ అన్నీ మంచివే, కానీ ఈ చోటుకి కాదు. పిన్ను తిరిగే చోట, చెయ్యి వంగే చోట ప్రతిసారీ బరువు పడుతుంది, అతుకు అక్కడ నిలబడదు, పైగా జిగురు కారి పిన్నులోకి వెళితే హ్యాండిల్ తిరగనే తిరగదు. హ్యాండిల్ చుట్టూ ఉండే ఫ్రేము మూల చిట్లితే మాత్రం ఎం-సీల్, ఆరాల్డైట్ లాంటి ఎపాక్సీ పెట్టి సరిపెట్టుకోవచ్చు.

పార్టు కొనేటప్పుడు

కుడి, ఎడమ అనేది డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషి లెక్కన. మన బండ్లలో ఆర్‌హెచ్ అంటే డ్రైవర్ వైపు, ఎల్‌హెచ్ అంటే రెండో వైపు. ముందు డోర్‌ది వెనక డోర్‌కి పట్టకపోవచ్చు. కొన్ని మోడళ్లలో తాళం పెట్టే రంధ్రం హ్యాండిల్‌తో కలిసే ఉంటుంది, అలాంటివాటిలో పాత తాళం సిలిండర్‌ని కొత్త హ్యాండిల్‌లోకి మార్చుకోవాలి, లేకపోతే ఒక్క డోర్‌కి వేరే తాళంచెవి మోయాల్సి వస్తుంది. వీలైతే పాత హ్యాండిల్ విప్పి చేత్తో పట్టుకెళ్లండి, మోడల్, సంవత్సరం నోటితో చెప్పడం కంటే అదే నయం.

మారుతి బండ్లకైతే ఎంజీపీ (మారుతి జెన్యూయిన్ పార్ట్స్) అని రాసి ఉన్న కంపెనీ పార్టు అడగండి. బయటి తయారీ పార్టు ధర తక్కువ, కానీ షాపులోనే ఫ్లాప్ పైకి లేపి పక్కకి ఊపి చూడండి, ఎక్కువ కదులుతుంటే వద్దనండి, వెనక చెయ్యి పలచగా ఉన్నా వద్దనండి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల పాత మోడళ్ల పార్టులు ఇంకా దొరుకుతాయి. స్క్రాప్ బండి నుంచి తీసిన హ్యాండిల్ ఇస్తామంటారు, తీసుకోవచ్చు గానీ అది కూడా మీ హ్యాండిల్ వయసుదే అని గుర్తుంచుకోండి, అదే ఎండ తిని ఉంటుంది. నేనైతే ప్లాస్టిక్ హ్యాండిల్ సెకండ్ హ్యాండ్‌లో కొనను, లోపలి లాక్ ఇనుప వస్తువు కాబట్టి అది కొంటాను. హ్యాండిల్‌తో పాటు రాడ్ క్లిప్పులు నాలుగు, డోర్ ప్యాడ్ క్లిప్పులు ఒక పది తెచ్చుకోండి, పాతవి కొన్ని విరగడం ఖాయం.

విప్పడం

కావాల్సినవి: స్టార్ స్క్రూడ్రైవర్, ఫ్లాట్ స్క్రూడ్రైవర్, పది నంబర్ బాక్స్ స్పానర్ ఎక్స్‌టెన్షన్‌తో, నోస్ ప్లయర్, గ్రీజు, డబ్ల్యుడీ-40 లాంటి స్ప్రే, పాత బనియన్ గుడ్డ, టార్చి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, డోర్ లోపలి రేకు అంచులు బ్లేడులా ఉంటాయి, చెయ్యి లోపలికి పెట్టేటప్పుడు తెలీదు, బయటికి తీసేటప్పుడే కోసుకుంటుంది. పవర్ విండో ఉన్న బండి అయితే ముందు అద్దం పూర్తిగా పైకి ఎక్కించి, ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చేత్తో తిప్పే అద్దమైనా సరే పూర్తిగా పైనే ఉండాలి, కిందకి దిగి ఉంటే సరిగ్గా హ్యాండిల్ నట్ల ముందుకే వస్తుంది.

అద్దం తిప్పే హ్యాండిల్ దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే దానికి స్క్రూ కనిపించదు. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో ఒక స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది. హ్యాండిల్‌కీ డోర్ ప్యాడ్‌కీ మధ్య బనియన్ గుడ్డ దూర్చి, రెండు కొసలు పట్టుకుని బూట్లు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి, గుడ్డ క్లిప్పుని పట్టుకుని బయటికి లాగేస్తుంది. అది ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకోండి. అద్దం పైన ఉన్నప్పుడు ఆ హ్యాండిల్ ఏ వైపు తిరిగి ఉందో ఒక ఫొటో తీసుకోండి, మళ్లీ బిగించేటప్పుడు మోకాలికి తగిలేలా పెట్టుకోకుండా ఉంటుంది.

తర్వాత లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న కప్పు, చేతి పట్టు కింద ఉండే రెండు స్క్రూలు, పైన లాక్ నాబ్ తీసేయండి. కొన్నింట్లో స్క్రూల మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, గోరుతో లేస్తుంది. అన్ని స్క్రూలూ వచ్చాయని ఖాయం చేసుకున్నాకే ప్యాడ్ కింది మూల నుంచి మొదలుపెట్టి, టేపు చుట్టిన స్క్రూడ్రైవర్ క్లిప్పుకి దగ్గరగా పెట్టి ఒక్కొక్కటే లేపండి. రెండు క్లిప్పుల మధ్య పెట్టి లాగితే పాత ప్యాడ్ అట్ట చిరుగుతుంది. చుట్టూ ఊడాక ప్యాడ్‌ని ముందుకి లాగకుండా పైకి ఎత్తండి, అద్దం గాడిలోంచి అలాగే బయటికి వస్తుంది. పవర్ విండో, స్పీకర్ వైర్లు ఉంటే వెనక సాకెట్లు తీయండి. బయట వేయించిన సెంట్రల్ లాక్ ఉన్న బండ్లలో వైర్లు ఎలా పడితే అలా లాగి ఉంటాయి, ఇక్కడ కూడా ఒక ఫొటో తీసుకోండి.

లోపల పాలిథిన్ షీటు నల్లటి జిగురుతో అంటించి ఉంటుంది. దాన్ని చింపి పారేయకండి. ఎవరో మెకానిక్ ఇదివరకే పారేసి ఉంటే, వర్షాకాలంలో మీ కారు కార్పెట్ ఎందుకు తడుస్తోందో ఇప్పుడు తెలిసినట్టే. అద్దం మీద పడ్డ వాన నీళ్లు డోర్ లోపలికి దిగి అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి, ఆ నీళ్లు ప్యాడ్ వైపు రాకుండా ఆపేది ఈ షీటే. వెనక పైమూల నుంచి మెల్లగా వలిచి, హ్యాండిల్ వెనక చోటు కనిపించేంత వరకు తీస్తే చాలు.

ఇప్పుడు టార్చి వేసి చూడండి. బయటి హ్యాండిల్ వెనక చెయ్యి, దాని నుంచి లాక్‌కి దిగే రాడ్, రెండు నట్లు కనిపిస్తాయి. ఏదీ విప్పకముందే రాడ్‌ని వేలితో హ్యాండిల్ కదిపే దిశలోనే కదపండి, ఈ మొత్తం పనిలో నాకు ముఖ్యమనిపించేది ఈ ఒక్క క్షణమే. డోర్ తెరిచి ఉంచి, లాక్ నోట్లో ఉన్న కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో తోసి మూసుకున్న స్థితికి తెచ్చి, తర్వాత రాడ్ కదిపితే కొక్కెం టక్కున వదలాలి. వేలి బలానికే వదిలితే లాక్ బాగుంది, తప్పంతా హ్యాండిల్‌దే. బొటనవేలు నొప్పి పుట్టేంత నొక్కాల్సి వస్తే ముందు లాక్ పని చూడాలి.

రాడ్ తీయాలంటే క్లిప్పుని రాడ్ మీద నుంచి పక్కకి తిప్పాలి, తలుపు గడియ తిప్పినట్టే, ఆ తర్వాత రాడ్ రంధ్రంలోంచి జారి వస్తుంది. రాడ్‌ని మాత్రం వంచకండి, కొంచెం వంగినా పొడవు తేడా వచ్చి తర్వాత డోర్ సరిగ్గా పనిచేయదు. పది నంబర్ నట్లు రెండూ తీసేముందు బాక్స్ లోపల కొంచెం గ్రీజు రాసుకోండి, నట్టు అందులో అంటుకుని ఉంటుంది, డోర్ అడుగుకి పడిపోదు. పడితే అయస్కాంతం పెట్టి తీయాల్సిందే, వదిలేస్తే గుంత వచ్చిన ప్రతిసారీ గణగణమంటుంది. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలి తిన్న బండ్లలో నట్లు తుప్పు పట్టి ఉంటాయి, స్ప్రే కొట్టి ఒక టీ తాగి వచ్చి అప్పుడు తిప్పండి. కొన్ని బండ్లలో అద్దం జారే వెనక పట్టీ అడ్డం వస్తుంది, దాని ఒక్క బోల్టు లూజు చేసి పక్కకి జరిపితే స్పానర్ దూరుతుంది. నట్లు వచ్చాక హ్యాండిల్ బయటికి వచ్చేస్తుంది, రబ్బరు ప్యాకింగ్ ఉంటే జాగ్రత్తగా తీసి దాచండి.

లాక్ శుభ్రం చేయడం

హ్యాండిల్ తీసి ఉన్నప్పుడే ఇది చేయాలి. లాక్ నోట్లోకి స్ప్రే బాగా కొట్టి, నల్లటి మురికి కారేదాకా గుడ్డతో తుడుస్తూ, కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూస్తూ, రాడ్‌తో తెరుస్తూ ఉండండి. చాలామంది స్ప్రే కొట్టి వదిలేస్తారు. అది మురికిని కరిగించడానికి పనికొస్తుంది, ఎక్కువ కాలం ఉండే కందెన కాదు, కొన్ని వారాల్లో మళ్లీ ఎండిపోతుంది. తుడిచాక తెల్ల లిథియం గ్రీజు కొక్కేనికీ, స్ప్రింగులకీ పట్టించండి. తాళంచెవి రంధ్రంలో మాత్రం గ్రీజు వద్దు, దుమ్ము అంటుకుని ముద్దవుతుంది, గ్రాఫైట్ పొడి వేయండి, దొరక్కపోతే మెత్తటి పెన్సిల్ ములుకు గీకి తాళంచెవికి రాసి నాలుగుసార్లు తిప్పండి. ఇంత చేసినా లాక్ వదలకపోతే లాక్ మార్చుకోండి, డోర్ అంచున ఉన్న మూడు స్క్రూలు తీస్తే వస్తుంది, అవి బిగుసుకుని ఉంటాయి కాబట్టి సరైన సైజు స్క్రూడ్రైవర్ వాడకపోతే తల అరిగిపోతుంది.

బిగించడం

కొత్త హ్యాండిల్ పెట్టి రెండు నట్లూ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత మార్చి మార్చి బిగించండి. ఒక నట్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోతే హ్యాండిల్ వంకరగా కూర్చుంటుంది. ఇది సన్న రేకు మీద ప్లాస్టిక్, కదలకుండా ఉంటే చాలు, బలం చూపిస్తే కొత్త ఫ్రేమే చిట్లుతుంది. రాడ్‌ని కొత్త క్లిప్పుతో పెట్టండి, పాత క్లిప్పు బాగున్నట్టు కనిపించినా వాడొద్దు.

రాడ్‌కీ హ్యాండిల్ చేతికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. హ్యాండిల్ కొంచెం లేచాక లాక్ మీద పని మొదలవ్వాలి. ఖాళీ అస్సలు లేకపోతే లాక్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి డోర్ సరిగ్గా పడదు, నడుస్తుండగా తెరుచుకునే ప్రమాదం ఉంది. ఖాళీ మరీ ఎక్కువైతే హ్యాండిల్ చివరిదాకా లాగినా డోర్ వదలదు. కొన్ని రాడ్ల చివర మర ఉంటుంది, అక్కడ ప్లాస్టిక్ ముక్కని తిప్పి సరిచేయొచ్చు.

ఇప్పుడు డోర్ మూయొద్దు. డోర్ తెరిచి ఉంచి, కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో రెండు క్లిక్కులు వచ్చేదాకా తోసి మూయండి, బయటి హ్యాండిల్ లాగండి, వదలాలి. మళ్లీ మూసి లోపలి హ్యాండిల్‌తో చూడండి. మళ్లీ మూసి తాళం వేసి లాగండి, అప్పుడు వదలకూడదు. ఒక పదిసార్లు ఇలా చేయండి. ఎక్కడైనా వదలకపోతే రాడ్‌ని చేత్తో నొక్కి తెరుచుకోవచ్చు, అదే డోర్ వేసేశాక తెలిస్తే మూసుకున్న డోర్ లోపలి నుంచి పని చేయాల్సి వస్తుంది, అది నరకం. అంతా సరిగ్గా ఉందని తేలాక పాలిథిన్ షీటు తిరిగి అంటించండి, నల్ల జిగురు ఎండిపోయి ఉంటే బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు టేపు) కొని వాడండి, మామూలు రెండు వైపుల టేపు ఎండకి జారిపోతుంది. ఈలోగా డోర్ అడుగు రంధ్రాల్లో మట్టి ఉంటే పుల్లతో పొడిచి తీసేయండి. ప్యాడ్ పైనుంచి గాడిలో పెట్టి కిందికి దింపి, క్లిప్పుల దగ్గర అరచేత్తో కొట్టండి. అద్దం హ్యాండిల్‌కి నాడా క్లిప్పు ముందే ఎక్కించి, ఇరుసు మీద పెట్టి నొక్కితే దానంతట అదే కూర్చుంటుంది.

చివరికి డోర్ మామూలుగా వేసి చూడండి. గట్టిగా కొడితే తప్ప పడకపోతుంటే, స్ట్రైకర్ స్క్రూలు కొంచెం లూజు చేసి వెంట్రుకవాసి బయటికి జరిపి బిగించండి, దానికంటే ముందు పాత స్థానం చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి.

ఇదంతా పైకి లేపే ఫ్లాప్ హ్యాండిల్ గురించి. చెయ్యి దూర్చి లాగే గ్రిప్ టైపు హ్యాండిళ్లలో చాలావాటికి ప్యాడ్ విప్పక్కర్లేదు, డోర్ అంచున చిన్న రబ్బరు మూత ఉంటుంది, దాని వెనక స్క్రూ లూజు చేస్తే హ్యాండిల్ వెనక చివర ఉన్న కప్పు ఊడి, హ్యాండిల్ వెనక్కి జరిగి వచ్చేస్తుంది. అంబాసిడర్, పద్మినీల క్రోమ్ హ్యాండిళ్లు లోహపువి, వాటి పని వేరు.

రంగు సంగతి. బాడీ కలర్ హ్యాండిల్ కావాలంటే బిగించకముందే ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి, ఆ తర్వాత పెయింట్ వేయించాలి, ప్రైమర్ లేకుండా వేస్తే గోరు తగిలే చోట పొట్టు లేస్తుంది. నా సలహా అయితే నలుపే ఉంచేయండి, పాత బండికి అదే బాగుంటుంది.